సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు కొనేముందు ఆ చిన్న నంబర్ చూడండి | రివ్యూ

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బీ కార్డుల సంగతి చూద్దాం. అంటే పెద్ద కెమెరాల్లో వీడియోలు, ఫోటోలు దాచే వేగమైన మెమరీ కార్డులు. ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెత్త అని చెప్పే వీడియో కాదిది. ఏ కంపెనీది తీసుకున్నా మీ షూట్ మధ్యలో ఆగకుండా ఉండాలంటే ఏం చూడాలో చెప్తాను.

కార్డు కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. పొడవు 38.5 మిల్లీమీటర్లు, మందం 3.8. ఇంత చిన్నదాని లోపల ఉన్నది మీ ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలో ఉండే సరుకే. డేటా వెళ్ళే దారి అదే పీసీఐఈ, అది మాట్లాడే భాష అదే ఎన్‌వీఎంఈ. అందుకే ఈ స్పీడ్. ఎస్‌డీ కార్డుల్లో యూహెచ్‌ఎస్-2 అనే వేగమైన రకం దారి సెకనుకి 312 ఎంబీ (మెగాబైట్లు) దగ్గర ఆగిపోతుంది, సీఫాస్ట్ 2.0 అనే ఇంకో రకం కార్డు అయితే 600 దగ్గర. టైప్ బీకి సిద్ధాంతం ప్రకారం దాదాపు 2 జీబీ దాకా దారి ఉంది. 2023లో వచ్చిన 4.0 తరంలో అది రెట్టింపు అయింది.

ఇప్పుడు లేబుల్ చూడండి. ముందువైపు కొట్టొచ్చినట్టు కనపడే పెద్ద నంబర్ ఉంది కదా, సాధారణంగా అది రీడ్ స్పీడ్. అంటే ఫుటేజ్ కంప్యూటర్‌లోకి దించుకునేటప్పుడు వచ్చేది. రికార్డింగ్‌కి దానితో పనే లేదు. రైట్ స్పీడ్ అని ఇంకోటి వేస్తారు, అది కూడా చాలావరకు కాసేపు మాత్రమే అందే పీక్ స్పీడే.

ఇదిగో ఈ మూల, కళ్ళు చికిలించుకుని చూస్తే తప్ప కనపడనిది, వీపీజీ 400. వీడియో పెర్ఫార్మెన్స్ గ్యారంటీ అన్నమాట. మనకి కావాల్సింది ఇదీ. ఎంతసేపు రాసినా సెకనుకి 400 ఎంబీ కంటే కిందికి పడను అని కార్డు ఇచ్చే హామీ అది. ఈ గుర్తు లేని కార్డులన్నీ పనికిరావని కాదు, కానీ అప్పుడు హామీ ఉండదు, కెమెరా కంపెనీ ఇచ్చే అప్రూవ్డ్ లిస్టే దిక్కు.

అసలు స్పీడ్ ఎందుకు పడిపోతుందంటే, చవక కార్డులు చాలావాటిలో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు పట్టే ఫ్లాష్ ఉంటుంది. అలా రాయడం నిదానం. అందుకని కొంత భాగాన్ని ఒక్కో బిట్ చొప్పున గబగబా రాసే క్యాష్‌గా, అంటే తాత్కాలికంగా దాచుకునే చోటుగా వాడుకుంటాయి. గరాటు నిండేదాకా మీరెంత జోరుగా పోసినా తీసుకుంటుంది, నిండాక కాడలోంచి ఎంత పోతే అంతే కదా, ఇదీ అంతే. స్క్రీన్ మీద ఈ గ్రాఫ్ చూడండి. మొదట్లో గీత పైన బల్లపరుపుగా ఉంది, క్యాష్ అయిపోగానే నిట్టనిలువునా కిందికి దిగింది. దీనికి తోడు వేడి ఒకటి. కార్డు కాగిపోతే దాన్ని నడిపించే కంట్రోలర్ చిప్ తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఫోటోలు తీసేవాళ్ళకి ఇవేవీ పెద్దగా తెలియవు. లాంగ్ టేక్ తీసేవాళ్ళకే టెన్షన్.

మరి మీకెంత కావాలి? మీ కెమెరా మాన్యువల్‌లో బిట్‌రేట్ ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి మెగాబిట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి దాన్ని 8తో భాగించండి. సోనీ ఎఫ్‌ఎక్స్3లో 4కే 60 ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా రాసే మోడ్) 600 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 75 ఎంబీ. దానికి వీ90 ఎస్‌డీ కార్డు, అంటే సెకనుకి 90 ఎంబీ హామీ ఉన్నది చాలు. (ఆ కెమెరాలో పట్టేది టైప్ ఏ లెండి, ఈ టైప్ బీ అసలు దూరదు.) అదే నికాన్ జడ్9లో 8కే 60 ఎన్-రా (నికాన్ రా వీడియో ఫార్మాట్) హై క్వాలిటీ పెడితే దాదాపు 5,780 ఎంబీపీఎస్. లెక్కేస్తే సెకనుకి 720 ఎంబీ పైమాటే! వీపీజీ 400 హామీ కూడా అక్కడ చాలదు. 512 జీబీ కార్డు 12 నిమిషాలు తిరక్కుండానే నిండిపోతుంది. అలాంటి పనికి 4.0 కార్డుల్లో వీపీజీ 800 గుర్తు ఉన్నది వెతకండి.

4.0 కార్డు పాత కెమెరాలో కూడా పనిచేస్తుంది, కాకపోతే కెమెరా స్పీడే వస్తుంది. లాభమల్లా కాపీ చేసుకునేటప్పుడు. అదీ కంప్యూటర్‌కి తగిలించే కార్డ్ రీడర్ సరైనదైతేనే. 10 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు) రీడర్‌లో పెడితే ఎంత ఖరీదైన కార్డైనా సెకనుకి 1 జీబీ దగ్గరే ఆగిపోతుంది. 20 జీబీపీఎస్ అని రాసున్న రీడర్లతో ఇంకో తిరకాసు, చాలా ల్యాప్‌టాప్ పోర్టులు ఆ మోడ్‌ని పట్టుకోవు, 10కే పడిపోతాయి. డబ్బు పెట్టేట్టయితే 40 జీబీపీఎస్ రీడర్ మీద పెట్టండి, అది కూడా మీ ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు ఉంటేనే.

కెపాసిటీ విషయంలో నా ఓటు ఒక్క 2 టీబీకి కాదు, రెండు 1 టీబీ కార్డులకి. ఒకటి దించుతుంటే ఇంకోటి కెమెరాలో ఉంటుంది, పోతే సగమే పోతుంది. ఫార్మాట్ మాత్రం కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే చేయండి, అదీ రెండు చోట్ల కాపీ అయ్యి, చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిగ్గా సరిపోయిందో చూసే లెక్క) సరిపోయాకే.

మీ కెమెరా మోడల్, మీరు వాడే రికార్డింగ్ మోడ్ కింద రాయండి. ఏ వీపీజీ సరిపోతుందో లెక్కేసి చెప్తాను. ఉంటానండీ.