లక్ష్యం తేలకుండానే ఎంబీఏలో అడుగుపెడుతున్నవారితో

అందరికీ నమస్కారం.

అప్లికేషన్ వ్యాసంలో స్వల్పకాలిక లక్ష్యం, దీర్ఘకాలిక లక్ష్యం అంటూ మీరంతా ముచ్చటగా రాసే ఉంటారు. సీటొచ్చింది. ఇప్పుడు ఆ పేరాలు మళ్లీ చదివితే, ఇది రాసింది నేనేనా అని మీలో కొందరికి అనుమానం కూడా వచ్చే ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు. ఆ కాగితం పట్టుకుని రేపు మిమ్మల్ని ఎవరూ నిలదీయరు. ఎంబీఏ మధ్యలో దారి మార్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

నన్ను కంగారుపెట్టేది క్యాలెండర్. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది చాలావరకు అందరికీ ఒకే పాఠాలు. అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్. మీరే ఎంచుకునే ఎలక్టివ్‌ పాఠాల్లో ఎక్కువ భాగం రెండో ఏడాదిలో వస్తాయి. అన్నీ చదివాక తీరిగ్గా తేల్చుకోవచ్చు అనిపించే అమరిక ఇది. కానీ ఉద్యోగాలు ఆ వరసలో రావు. అమెరికా కళాశాలల్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో క్లాసులు మొదలైతే, కొద్ది వారాల్లోనే, ఇతర సంస్థలకు సలహాలిచ్చే కన్సల్టింగ్ కంపెనీలూ, కంపెనీలకు పెట్టుబడులు సమకూర్చే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులూ వచ్చి వాలతాయి. ఫైనాన్స్ పుస్తకం సగం కూడా కాకముందే బ్యాంకుల్లో వేసవి ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు పెట్టాలి. ఆ ఇంటర్న్‌షిప్ నుంచే చాలామందికి ఉద్యోగం ఖాయమవుతుంది. ఫ్రాన్స్‌లోని బిజినెస్ స్కూల్ ఇన్సియాడ్‌లో లాంటి 10 నెలల కోర్సయితే ఈ కాస్త వ్యవధి కూడా ఉండదు.

అందుకే, ఏమీ తేల్చుకోనివాళ్లు ముందొచ్చిన రైలెక్కేస్తారు. అది సాధారణంగా కన్సల్టింగ్. రకరకాల పరిశ్రమలు చూడొచ్చు గనక అది చెడ్డ ఎంపిక కాదు, ఎందుకు ఎక్కారో తెలిసి ఎక్కితే. బ్యాంకింగ్ సంగతి వేరు. అక్కడి పని గంటలు ఇష్టంతో వెళ్లినవాళ్లనే అలసిపోయేలా చేస్తాయి. పక్కవాడు వెళ్తున్నాడని వెళ్లే చోటు కాదది.

క్లాసులో కేస్ ఇస్తారు, అంటే ఏదో ఒక కంపెనీ ఎదుర్కొన్న సమస్యను చర్చకు పెడతారు. 1920ల్లో హార్వర్డ్‌లో వేళ్లూనుకున్న పద్ధతి అది. వివరాలు అరకొరగానే ఉంటాయి. అయినా ఎనభై, తొంభై మంది ముందు ఏదో ఒక నిర్ణయం చెప్పి దాన్ని సమర్థించుకోవాలి. ముక్కూమొహం తెలియని కంపెనీకి రోజూ అలా దారి చూపించే విద్యార్థులే, సొంత ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి పూర్తి స్పష్టత వస్తేగానీ కదలమంటారు. నాకిది భలే విచిత్రంగా ఉంటుంది.

కాబట్టి క్లాసులు మొదలయ్యేలోపు ఒక్క లక్ష్యం కోసం వెతుక్కోకండి. వద్దనుకున్నవి కొట్టేస్తూ రండి, రెండు మిగిలితే చాలు. ఇంటర్న్‌షిప్ చేసి అప్పుడే తిరిగొచ్చిన రెండో ఏడాది సీనియర్లను పట్టుకోండి. కంపెనీ ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు. ఆఖరి వారంలో ఏ పని చేశారు, ఎవరితో కూర్చున్నారు, రాత్రి ఎన్నింటికి బయటపడ్డారు అని అడగండి. ఆ రంగం వదిలేసిన పూర్వ విద్యార్థి ఒకరు దొరికితే ఇంకా మంచిది. అప్పుతో చదువుతున్నవాళ్లు నెలవారీ కిస్తీ ఎంత పడుతుందో ఇప్పుడే లెక్కేసుకోండి. మీరు ఒప్పుకోగలిగే కనీస జీతం అక్కడే తేలుతుంది, కొన్ని దారులు వాటంతటవే మూసుకుంటాయి.

ఇంటర్వ్యూలో మాత్రం ‘ఏదైనా చేస్తాను’ అనకండి. మిగిలిన రెండింటిలో ఆ కంపెనీకి సరిపోయేదాని గురించి, మీ పాత అనుభవానికి ముడిపెట్టి మాట్లాడండి. మనసులో ఇంకోటి కూడా ఉన్నంత మాత్రాన అది అబద్ధమైపోదు.

వేసవిలో చేసిన పని నచ్చకపోతే రెండో ఏడాది ఉంది. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఖాళీ వచ్చినప్పుడే మనుషుల్ని తీసుకుంటాయి, చాలాసార్లు పట్టా చేతికొచ్చే రోజులు దగ్గరపడ్డాకే. అవి క్యాంపస్‌కు రావు, మీరే వెతుక్కుంటూ వెళ్లాలి. ఈలోపు తోటివాళ్ల చేతుల్లో ఆఫర్ లెటర్లు కనిపిస్తుంటాయి. ఆ కొన్ని నెలలు ఓపిక పట్టగలరా లేదా అన్నది కూడా మీ లెక్కలో వేసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.