టెక్నికల్ ఇంటర్వ్యూలో నోరు పెగలనప్పుడు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఫైనలియర్ విద్యార్థులున్నారు, కంపెనీల్లో ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చునే సీనియర్లూ ఉన్నారు. నాకు ఇద్దరితోనూ పనుంది.

ముందు నేను ఇంటర్వ్యూల్లో అడిగే ఒక ప్రశ్న చూద్దాం. ఎంప్లాయీ టేబుల్‌లోంచి రెండో అత్యధిక జీతం తీయాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష, నేర్చుకున్నవాళ్లెవరికీ ఇది కొత్త కాదు. గరిష్ఠ జీతం కంటే తక్కువ ఉన్నవాటిలో మళ్లీ గరిష్ఠం తీస్తూ చకచకా క్వెరీ రాసేస్తారు. అప్పుడు నేను, "ఐదో అత్యధిక జీతం కావాలంటే?" అంటాను. జీతాల వరసలో ఒక్కొక్కరికీ స్థానం అంకె వేసే ర్యాంక్ ఫంక్షన్ వాడతామంటారు. "మొదటి స్థానంలో ఇద్దరికి ఒకటే జీతం ఉంటే?" అని అడుగుతాను. ర్యాంక్ వాడితే ఆ ఇద్దరికీ ఒకటి పడుతుంది, తర్వాతి మనిషికి నేరుగా మూడు పడుతుంది. రెండనేదే ఉండదు. డెన్స్ ర్యాంక్ అయితే అంకె దాటిపోదు.

చాలామంది ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నాకు కావలసిన సమాధానం అప్పుడే మొదలవుతుంది. "ఇద్దరికీ ఒకటి వస్తే తర్వాత ఏం వస్తుందో నాకు గుర్తులేదండీ, నాలుగు వరసల చిన్న టేబుల్ గీసుకుని చూస్తాను" అన్న అమ్మాయికి నేను మంచి మార్కులే వేస్తాను. ఏమీ అనకుండా స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోతే, తలలో ఎంత గొప్ప ఆలోచన నడుస్తున్నా ఇవతల ఉన్నవాళ్లకు తెలిసే దారి లేదు.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇక్కడ కష్టం రెట్టింపు. లాజిక్ తెలుగులో తడుతుంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పేలోపు దారం తెగిపోతుంది. అందుకని రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రాబ్లమ్ సాల్వ్ చేస్తూనే పైకి మాట్లాడండి. మొదట తెలుగులో చెప్పండి, తర్వాత అదే ప్రాబ్లమ్ ఇంగ్లీషులో చెప్పండి. కోడింగ్ ప్రాక్టీస్ సైట్ లీట్‌కోడ్‌లో వందల ప్రాబ్లమ్స్ చేసి కూడా ఇది చేయనివాళ్లను నేను చాలామందిని చూశాను.

అయితే భారమంతా మీ నెత్తిన పెట్టడం నాకిష్టం లేదు. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో కొందరు ఇంటర్వ్యూయర్ చూస్తుండగా, పైకి చెబుతూ వైట్‌బోర్డు మీద కోడ్ రాశారు. మిగతావాళ్లు ఒంటరిగా ఒక గదిలో రాశారు. ఎవరో చూస్తుండగా రాసినవాళ్ల పనితీరు సగానికి పైగా పడిపోయింది. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు రాసిన అమ్మాయిలందరూ ఫెయిలయ్యారు, ఒంటరిగా రాసిన అమ్మాయిలందరూ పాసయ్యారు. అమ్మాయిల సంఖ్య చిన్నదే, దాన్నే చివరి మాటగా తీసుకోనక్కర్లేదు. కానీ ప్యానెల్‌లో కూర్చునే నాకు ఆ ఫలితం చదివాక నిద్ర పట్టలేదు. మనం కొలుస్తున్నది కోడింగా, టెన్షనా?

2015లో మ్యాక్స్ హోవెల్ ఉదంతం కూడా ఇలాంటిదే. మ్యాక్ కంప్యూటర్లలో ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసుకోవడానికి గూగుల్ ఇంజనీర్లు వాడే హోమ్‌బ్రూ సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ఆయన. బైనరీ ట్రీని, అంటే చెట్టు కొమ్మల్లా కుడి ఎడమలుగా చీలే డేటా అమరికను, బోర్డు మీద కుడి ఎడమలు మార్చి తిరగేయలేకపోయినందుకు గూగుల్ తనను తీసుకోలేదని ట్వీట్ చేశాడు.

ఇంకో మాట, ఇది కాస్త కటువుగానే చెబుతాను. మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల జోలికి వెళ్లకండి. "మీ ప్రాజెక్టు ప్రొడక్షన్‌లో, అంటే అసలు యూజర్లు వాడుతుండగా, ఎప్పుడు ఆగిపోయింది, కారణం ఎలా పట్టుకున్నారు?" అని అడిగితే, ఆ పని చేయని మనిషి రెండో వాక్యంలోనే దొరికిపోతాడు. ఒకవేళ దొరక్కుండా గట్టెక్కినా, చెప్పిన అనుభవం నిజమో కాదో ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టిన అమ్మానాన్నలకు, ఉద్యోగం పోయిందని మీరు చేసే ఫోన్ కాల్ ఎలా ఉంటుందో ఆలోచించండి. కాలేజీలో సొంతంగా చేసిన చిన్న ప్రాజెక్టు గురించి లోతుగా చెప్పగలిగితే, నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

ఇక సీనియర్లను ఒకటి కోరుతున్నాను. ఈసారి ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు ప్రశ్న ఇచ్చి, పది నిమిషాలు మీ కెమెరా, మైక్ ఆపేయండి. అభ్యర్థి తన ఎడిటర్‌లో, తన పద్ధతిలో రాసుకోనివ్వండి. తర్వాత వచ్చి, ఆ కోడ్‌ను లైన్ లైన్‌గా అడగండి. తెలుగువాళ్లైతే, మధ్యలో తెలుగులో వివరించినా వినండి.