ఇంగ్లండ్ పల్లెల్లో పెద్ద ఇల్లు బుక్ చేస్తున్నారా? ముందు మెట్లు చూడండి, తర్వాత పొయ్యి

నమస్కారమండి. ముందు ఒక చిన్న లెక్క. మీరు, మీవారు, ఇద్దరు పిల్లలు, వేసవి చూసుకుని ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. ఆరుగురు. ఇలాంటి కుటుంబాలు మూడు కలిస్తే 18 మంది. ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడే, అంటే ఇక్కడ ప్రభుత్వ సెలవు కదా, ఆ మూడు రోజులూ అందరం ఒకే కప్పు కింద ఉందాం అనుకున్నారు. హోటల్‌కి వెళ్తే తొమ్మిది రూములు, తొమ్మిది తాళాలు, పెరుగన్నం కోసం ఊరంతా వెతుకులాట.

అందుకే ఇక్కడ ఊళ్ళకి దూరంగా పెద్ద పెద్ద ఇళ్ళు అద్దెకిస్తారు. కోట్స్‌వోల్డ్స్, పీక్ డిస్ట్రిక్ట్, డెవన్, నార్ఫోక్, ష్రాప్‌షైర్, ఎటు వెళ్ళినా ఉంటాయి. పాత ఫామ్‌హౌస్‌లు, ఒకప్పుడు ధాన్యం నిలవ చేసిన బార్న్‌లు, చర్చి పాస్టర్ల కోసం కట్టిన రెక్టరీలు. ఇల్లు వాళ్ళది, వంటా వార్పూ మనవి. దాన్నే సెల్ఫ్ కేటరింగ్ అంటారు.

ఈరోజు ఒక ఇంటి పేజీని స్క్రీన్ మీద పెట్టి, దాన్ని నేనెలా చదువుతానో చూపిస్తాను. ఈ పేజీ నేను నమూనాగా తయారుచేసుకున్నది, ఏ ఇంటిదీ కాదు. అందరూ హాట్ టబ్ ఫొటో దగ్గర ఆగిపోతారు. నేను మా అత్తగారి మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి, పోపు గరిటె దగ్గరికి వస్తాను. ఈ రెండూ పాసైతేనే మిగతాది చూడటం.

సరే, పైన ఈ అంకె చూడండి. 20 మంది పడుకోవచ్చు అని ఉంది. పడుకోవచ్చు, కాదనను. ఎక్కడ పడుకోవాలి అన్నదే సంగతి. కిందకి వెళ్దాం. బెడ్‌రూములు ఏడు. ఆరింట్లో ఇద్దరిద్దరు, అంటే 12. ఏడో గదిలో బంక్ బెడ్లు, నలుగురికి. హాల్లో సోఫా బెడ్లు రెండు, నలుగురికి. మీ 18 మందిలో పిల్లలు ఆరుగురే. బంక్ బెడ్లలో నలుగురు పడుకుంటే ఇంకో ఇద్దరు హాల్లో. పొద్దున ఆరింటికి మామయ్యగారు హాల్లోకి వచ్చి కాఫీ అంటారు. ఆ పిల్లల నిద్ర అయిపోయినట్టే.

పక్కనే జిప్ అండ్ లింక్ అనే మాట కనిపిస్తోందా? అది మనకి పనికొచ్చే మాట. పెద్ద డబుల్ బెడ్‌ని రెండు సింగిల్స్‌గా విడదీస్తారు. ఇద్దరు వదినా మరదళ్ళు ఒక గదిలో సర్దుకోవాలన్నా, అన్నదమ్ములిద్దరికి ఇవ్వాలన్నా బాగుంటుంది. కానీ మీరు వెళ్ళాక విడదీసుకోవడం కుదరదు, దుప్పట్లు ఆ సైజువే వేసి ఉంచుతారు. ముందే చెప్పాలి.

ఇప్పుడు ఫ్లోర్ ప్లాన్. ఇది లేని పేజీ అయితే నేను ఇంటివాళ్ళని అడిగి తెప్పించుకుంటాను. చూడాల్సింది ఒక్కటే. కింద పడకగది ఉందా, దాని పక్కనే బాత్‌రూమ్ ఉందా. రెండూ కలిపి చూడాలి.

మేం డార్బీషైర్‌లో తీసుకున్న మొదటి ఇంట్లో కింద గది ఉందని రాశారు. ఉంది. బాత్‌రూమ్ మాత్రం మేడమీద. ఆ మెట్లు ఎలా ఉన్నాయంటే, నిచ్చెనకి తివాచీ పరిచినట్టు! ఒక పక్కే పట్టుకోడానికి ఒక తాడు, పైన తల తగిలే దూలం. పాత ఇళ్ళలో ఇది మామూలే. వాటిలో చాలా ఇళ్ళు లిస్టెడ్ కట్టడాలు, అంటే చారిత్రక కట్టడాలుగా నమోదైనవి, కౌన్సిల్ అనుమతి లేకుండా మెట్లో కిటికీలో మార్చడానికి యజమానికే వీలుండదు. మా అత్తగారు ఒకసారి పైకి చూసి, "పర్లేదులే అమ్మాయ్, రాత్రిళ్ళు నీళ్ళు తాగడం మానేస్తా" అన్నారు. ఆ మూడు రోజులూ సాయంత్రం నుంచి ఆవిడ నిజంగానే గ్లాసు ముట్టుకోలేదు. అందుకే ఇప్పుడు నాకు గార్డెన్ ఎన్ని ఎకరాలైనా లెక్కలేదు, ముందు ఆ మెట్ల ఫొటో కావాలి.

బాత్‌రూముల లెక్కతోపాటు వేడినీళ్ళ సంగతి కూడా అడగండి. ఇలాంటి చోట్ల చాలా ఇళ్ళకి గ్యాస్ పైపులైను ఉండదు. ఇంధన నూనె ట్యాంకు మీదో ఎల్‌పీజీ మీదో నీళ్ళు కాగుతాయి. వేడినీళ్ళ ట్యాంకులో కాగి నిలవున్న నీళ్ళు అయిపోతే మళ్ళీ కాగేదాకా ఆగాల్సిందే. 18 మందీ ఒకే పొద్దున తలంటుకుంటే చివరివాళ్ళకి చన్నీళ్ళే.

ఇక వంటగది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఈ ఫొటోలో ఉన్న పెద్ద ఇనప పొయ్యి చూడండి, లేత నీలం రంగుది, పైన రెండు గుండ్రటి మూతలు. దీన్ని ఆగా అంటారు. స్వీడన్‌కి చెందిన గుస్తాఫ్ డాలెన్ అనే నోబెల్ గ్రహీత 1922లో కనిపెట్టింది. ఇంగ్లండ్ పల్లె ఇళ్ళకి ఇదొక హోదా. పాతరకం ఆగాకి మంట పెంచే నాబ్ ఉండదు, ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. లోపల దాచుకున్న వేడితోనే వంట. ఒక మూత కింద మరిగించే ప్లేటు, రెండో దాని కింద సన్నసెగ ప్లేటు. మూత ఎత్తి ఉంచినంతసేపూ వేడి పోతూ ఉంటుంది. నలుగురికి వంటంటే బ్రహ్మాండంగా ఉంటుంది. 18 మందికి అన్నం, పప్పు, కూర, పులుసు వరసగా పెట్టారనుకోండి, మూడో గిన్నె దగ్గరికి వచ్చేసరికి పొయ్యి నీరసపడిపోతుంది. మళ్ళీ పుంజుకోడానికి దానికి టైమ్ కావాలి, మీరెంత తొందరపెట్టినా అంతే. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దాని మీద దండగ.

కాబట్టి అడగాల్సింది ఇది: ఆగాతో పాటు మామూలు హాబ్, అంటే గట్టులో బిగించిన పొయ్యి, ఉందా? ఉంటే గ్యాసా, ఇండక్షనా? ఇండక్షన్ అయితే మీ అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. ఇంట్లోనే ఫ్రిజ్ మీది మ్యాగ్నెట్ తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి. అతుక్కుంటే ఆ గిన్నె పనికొస్తుంది.

ఇంత తిట్టాను కదా, ఆగాకి ఒక మంచి గుణం చెప్పకపోతే పాపం. ఇంగ్లండ్ చలిలో ఇడ్లీ పిండి పులవడం ఎంత బాధో మీకు తెలుసు. ఓవెన్‌లో లైటు వేసి పెట్టేవాళ్ళున్నారు, దుప్పటి కప్పేవాళ్ళున్నారు. ఒకసారి మేం రాత్రి పిండి గిన్నెని ఆగా పక్కన గట్టు మీద పెట్టి పడుకున్నాం. పొద్దున్నకి పొంగి మూతని పైకి నెట్టేసింది! ఇక్కడివాళ్ళు ఆ సన్నసెగ ప్లేటు మీద నేరుగా చిన్న చిన్న పాన్‌కేకులు వేసుకుంటారు. మా ఆడపడుచు శుభ్రంగా తుడిచి, నూనె రాసి, దాని మీదే దోసె వేసింది. మొదటిది చిరిగింది. రెండోదానికి పిల్లలు లైను కట్టారు.

ఇప్పుడు పోపు. మేం అద్దెకి తీసుకున్న ఇంట్లో జరిగిందే చెప్తాను. ఆదివారం పొద్దున ఏడింటికి పులిహోరకి ఎండుమిర్చి వేశాను. ఇల్లంతా ఒక్కసారి అలారం మోగింది. ఒక్క గదిలో కాదండి, అన్ని గదుల్లోనూ! ఇలాంటి పెద్ద ఇళ్ళలో అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. 18 మంది నైటీల్లో, లుంగీల్లో కంకర దారి మీద నిలబడ్డాం. కంచె అవతల గొర్రెలు మమ్మల్నే చూస్తున్నాయి.

తర్వాత తెలిసిందేంటంటే, వంటగదిలో సాధారణంగా పెట్టేది హీట్ డిటెక్టర్, పొగకి అది మోగదు. పొగని పట్టేది బయట హాల్లో ఉంటుంది. నేను చేసిన తప్పు పోపు పెట్టడం కాదు, వంటగది తలుపు తీసి ఉంచడం. ఆ బరువైన తలుపు దానంతటదే మూసుకునేలా ఉంటుంది, మనం గాలి రావట్లేదని కుర్చీ అడ్డం పెట్టి ఆపుతాం. చేయకండి. తలుపు మూసి, కిటికీ తీసి, ఫ్యాన్ వేసి అప్పుడు ఆవాలు వేయండి. కొంతమంది డిటెక్టర్‌కి ప్లాస్టిక్ కవర్ కట్టేస్తారు. నిద్రపోయే పిల్లలున్న ఇంట్లో ఆ పని మాత్రం వద్దండి.

పసుపు సంగతి కూడా. తెల్ల రాయి గట్టు మీద పసుపు చెంచా పెట్టి ఐదు నిమిషాలు మర్చిపోతే డిపాజిట్‌లోంచి కోత. ఒక స్టీలు పళ్ళెం తీసుకెళ్ళి చెంచాలన్నీ దాంట్లోనే పెట్టండి. వాడిన నూనె సింకులో పోయకండి, ఈ ఇళ్ళలో చాలావాటికి సెప్టిక్ ట్యాంకే. తడి వైప్స్ కూడా టాయిలెట్‌లో వేయకూడదు. చిన్నపిల్లల తల్లులకి ముందే చెప్పి ఉంచండి.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులు, లేదా సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రాత్రులు, ఎక్కువగా ఇలాగే ఇస్తారు. స్కూలు సెలవుల్లో ధర ఎక్కడికో వెళ్తుంది. బుక్ చేసేటప్పుడు కొంత, వెళ్ళడానికి కొన్ని వారాల ముందు మిగతాది, విడిగా డ్యామేజ్ డిపాజిట్. ఎవరి పేరు మీద బుకింగ్ ఉంటే జవాబుదారీ వాళ్ళదే, టీ కప్పు పగిలినా సోఫా చిరిగినా. కాబట్టి తలాకింత ముందే వసూలు చేసి ఆ తర్వాతే బుక్ చేయండి. "వచ్చాక ఇస్తాలే వదినా" అనేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు.

బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే తక్కువకి ఇస్తామంటే అక్కడే ఆగండి. లేని ఇంటికి ఫొటోలు పెట్టి డబ్బు లాగేసే మోసాలున్నాయి. క్రెడిట్ కార్డుతో కడితే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 ఉంది. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. మధ్యవర్తి సైటు ద్వారా కడితే ఇది వర్తించకపోవచ్చు, షరతులు చదువుకోండి. ఇంకోటి, ఆన్‌లైన్‌లో చీర కొంటే 14 రోజుల్లో మనసు మార్చుకోవచ్చు. ఫలానా తేదీలకని బుక్ చేసిన వసతికి ఆ హక్కు లేదు. కాన్సిల్ చేస్తే ఏమిస్తారో వాళ్ళ షరతుల్లో ఉన్నదే.

ప్రయాణం. ఒక్క పోస్ట్ కోడ్ కింద మూడు నాలుగు ఫామ్‌లు ఉండొచ్చు, కారులో దారి చూపే సాట్ నావ్ మిమ్మల్ని ఎవరిదో పశువుల పాక ముందు దింపుతుంది. వాట్ త్రీ వర్డ్స్ (మూడు మాటలతో కచ్చితమైన చోటు చూపించే యాప్) లొకేషన్ అడిగి, దారి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, చివరి రెండు మైళ్ళలో ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చు. వెలుగుండగానే చేరండి. డిసెంబరులో నాలుగింటికే చీకటి, రెండు పక్కలా ఎత్తైన కంచె మొక్కలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు రివర్స్ చేయాలి. ఆ ఎవరో మీరే. అందరం ఒకే బండిలో వెళ్దామనుకుంటే, డ్రైవర్‌తో కలిపి తొమ్మిది సీట్ల దాకా మామూలు కారు లైసెన్స్ చాలు. 1997 జనవరి 1 నుంచి టెస్ట్ పాసైనవాళ్ళకి అంతకన్నా పెద్ద మినీ బస్‌కి డి1 అనే లైసెన్స్ విడిగా కావాలి.

దీపావళికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండ్‌లో రాత్రి 11 తర్వాత టపాసులు కాల్చకూడదు, దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట దాకా చట్టమే అనుమతిస్తుంది. విని సంతోషపడిపోకండి. చట్టం ఒప్పుకున్నా ఇంటివాళ్ళు ఒప్పుకోరు. చుట్టూ గొర్రెలు, గుర్రాలు, కొన్ని ఇళ్ళకి గడ్డి కప్పు. దీపాలు పెట్టుకోవచ్చా అని అడిగినా "బయట, రాతి మీద" అనే జవాబే ఎక్కువ. హల్దీ ఫంక్షన్ పెట్టుకోవాలన్నా ముందే చెప్పి రాతలో ఒప్పుకోలు తీసుకోండి, పగలు వచ్చి వెళ్ళే చుట్టాల సంఖ్యతో సహా.

సరే, నేను ఇంటివాళ్ళకి పంపే మెసేజ్ ఇదిగో, స్క్రీన్ ఆపి రాసుకోండి. "మేం 12 మంది పెద్దవాళ్ళం, ఆరుగురు పిల్లలం. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. కింద గది పక్కనే బాత్‌రూమ్ ఉందా? మెట్ల ఫొటో ఒకటి పంపగలరా? ఆగా కాక ఇంకో హాబ్ ఉందా, అది ఏ రకం? భోజనాల బల్ల దగ్గర 18 కుర్చీలు ఉన్నాయా? వేడినీళ్ళు ఎంతమంది స్నానాలకి సరిపోతాయి?" దీన్ని ఇంగ్లీషులో పెట్టి మూడు ఇళ్ళకి పంపండి. పోయినసారి నాకు ఇద్దరు "అంతా పేజీలో ఉంది" అని రాశారు. మూడో ఇంటావిడ మెట్ల ఫొటోతో పాటు, కింద బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఫొటో కూడా తీసి పంపింది. హాట్ టబ్ లేదండి ఆ ఇంటికి. అదే బుక్ చేశాం.