బంక కాదు, ముడి

అందరికీ నమస్కారం. బరంపురంలో తెలుగులో మాట్లాడమని మైకు ఇచ్చినందుకు ముందే థ్యాంక్స్.

పారేసినవాటితో బొమ్మలు చేయాలనుకోగానే మనం బజారుకెళ్లి బంక, స్ప్రే పెయింటు కొనుక్కొస్తాం. నేనూ అదే చేశాను. గోపాల్‌పూర్ ఒడ్డున తెగిన వలలు, తాళ్లు ఏరుకొచ్చి తాబేలు చేశాను. తాబేలే ఎందుకంటే, మన రుషికుల్య నది మొగ దగ్గరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి గాలి కోసం నీటిపైకి రావాల్సిందే. వలలో చిక్కుకుంటే పైకి రాలేక చచ్చిపోతాయి. ఆ వలతోనే తాబేలు చేయాలని నా ఆశ.

డిప్పకి థర్మోకోల్ పెట్టి, వల అతికించి, ఆకుపచ్చ రంగు కొట్టాను. రెండు వానలకే బంక ఊడింది. థర్మోకోల్ గింజలు పెరడంతా ఎగిరాయి. చీపురుకి అంటుకుంటాయి గానీ చేటలోకి రావు! అలంకరణకి థర్మోకోల్ వాడొద్దని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉందని తర్వాత గుర్తొచ్చింది. చెత్త ఏరుకొచ్చి ఇంకాస్త చెత్త చేశానన్నమాట.

వలలు బాగుచేసే ఒక నోలియా (ఇక్కడి తెలుగు జాలరి) మామకి ఆ ముక్కలు చూపించాను. ఆయన ముందు నా సంచీ కుమ్మరించి, గట్టి తాళ్లన్నీ పక్కన పెట్టేశాడు. ‘‘ఇవి ఇంకా పనికొస్తాయి బావూ, బొమ్మకెందుకు?’’ అన్నాడు. నాకు కాస్త సిగ్గేసింది. మిగిలిన పీలికలు చేతికిచ్చి, ‘‘దీనికి బంక పట్టదు, ముడెయ్యాలి’’ అన్నాడు. ముడులేసి వల కన్ను మీద కన్ను అల్లుకుంటూ పోతే వల దానంతటదే గుండ్రంగా ఉబ్బింది. లోపల ఏమీ కూరక్కర్లేకుండానే డిప్ప తయారు.

పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లదీ ఇదే పద్ధతి. పశువు కొమ్ముని వేడిచేసి మెత్తబరుస్తారు. కొమ్ము వంపే కొంగ మెడ అవుతుంది. పైన రంగేమీ వెయ్యరు, అరగదీస్తే వచ్చే నలుపే దాని మెరుపు. పారేసినవాటితో కట్టిన చండీగఢ్ రాక్ గార్డెన్‌లో నేక్ చంద్ కూడా పగిలిన గాజుల్ని దాచలేదు, బొమ్మలకి బట్టలుగా తొడిగాడు. 1976లో ఆ తోటని జనానికి తెరిచారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన దాన్ని రహస్యంగానే కట్టాడు.

నా రెండో తాబేలు ఈ బల్ల మీదుంది. బంక చుక్క లేదు. రేపు ఎవరికైనా తాడు కావాలంటే విప్పుకోవచ్చు. పిల్లలూ, రండి, విప్పి చూడండి. మళ్లీ కట్టడం మాత్రం మీ పని.