టీనేజ్ పిల్లలతో హెచ్ఐవీ గురించి ఎలా మాట్లాడాలి? నర్స్ లొరెట్టా జెమ్మాట్ చూపించిన దారి

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్ల అబ్బాయికి "జాగ్రత్తగా ఉండు నాన్నా" అని చెప్పి చూడండి. "ఊ" అంటాడు, వెళ్లిపోతాడు. అమెరికాలో లొరెట్టా జెమ్మాట్ అనే నర్స్ ఆ "ఊ"తో సరిపెట్టుకోలేదు, ఆ తర్వాత పిల్లాడు నిజంగా ఏం చేస్తున్నాడో తెలుసుకోవడానికే ఏళ్లకేళ్లు పనిచేశారు.

[స్క్రీన్ మీద: ఫిలడెల్ఫియా, 1992]

హెచ్ఐవీని అదుపులో ఉంచే ఇప్పటి మందులు అప్పటికి ఇంకా రాలేదు. జెమ్మాట్ గారు, సైకాలజిస్ట్ అయిన ఆవిడ భర్త జాన్ జెమ్మాట్, ఇంకో పరిశోధకుడు కలిసి 157 మంది నల్లజాతి టీనేజ్ అబ్బాయిలతో చేసిన అధ్యయనాన్ని ఆ ఏడాది ప్రచురించారు. పిల్లల్ని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎయిడ్స్ గురించి చెప్పారు, రెండో గుంపుకి ఉద్యోగావకాశాల గురించి.

ఉద్యోగాల సంగతి ఇక్కడెందుకు అనిపిస్తుంది కదా? పెద్దవాళ్లు ఒక పూటంతా కూర్చుని శ్రద్ధగా మాట్లాడితే చాలు, పిల్లల్లో ఎంతో కొంత మార్పు రావచ్చు. వచ్చిన మార్పు ఆ శ్రద్ధ వల్లా, పాఠం వల్లా అన్నది తేలాలంటే రెండో గుంపు మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

ఉపన్యాసం కాదండీ అది. వీడియోలు, ఆటలు, చిన్న చిన్న అభ్యాసాలు. మూడు నెలల తర్వాత అడిగితే, ఎయిడ్స్ పాఠం విన్న పిల్లలు ప్రమాదకరమైన లైంగిక ప్రవర్తన తగ్గిందని, కండోమ్ వాడకం పెరిగిందని చెప్పారు. తర్వాత తయారుచేసిన పాఠాల్లో రోల్ ప్లే కూడా పెట్టారు, ఎందుకంటే "వద్దు" అనాలని తెలిసినా అసలు సమయానికి చాలామందికి నోరు పెగలదు. ఆ మాట ముందే పదిసార్లు పలికి ఉంటే టెన్షన్ తగ్గుతుంది.

1998లో 659 మంది పిల్లలతో చేసిన ఇంకో అధ్యయనంలో కొందరికి పెద్దవాళ్లు, కొందరికి తోటి వయసువాళ్లు పాఠం చెప్పారు. ఎవరు చెప్పినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. నర్సింగ్ టీచర్లు దీన్ని పట్టించుకోవాలని నా అభిప్రాయం: "ఈ తరం పిల్లలు మన మాట వినరు" అని చేతులు ఎత్తేయక్కర్లేదు, సరిగ్గా శిక్షణ తీసుకుంటే మనమూ చెప్పగలం.

ఆవిడ యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో చాలాకాలం నర్సింగ్ ప్రొఫెసర్‌గా ఉన్నారు, తర్వాత డ్రెక్సెల్ యూనివర్సిటీకి వెళ్లారు. ఈ పని అమెరికా దాటలేదనుకోకండి. దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో 18 స్కూళ్లలో, 1,057 మంది ఆరో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఏడాది పాటు గమనిస్తే, పాఠం విన్న పిల్లల్లో రక్షణ లేని లైంగిక సంబంధాలు తక్కువగా కనిపించాయి. అక్కడ పాఠం చెప్పింది ఇంగ్లీషులో కాదు, ఆ పిల్లల ఇంటి భాష ఖోసాలో.