శుక్రవారం స్లాబ్ పడుద్దా? సైట్లో లీన్ మీద చర్చ

యాంకర్: నమస్తే అండి. ఇవాళ లీన్ కన్‌స్ట్రక్షన్ గురించి మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ గారు, సైట్ ప్లానింగ్ చూసే ఇంజినీర్ మేడమ్, పాలమూరు నుంచి వచ్చి సెంట్రింగ్ పని, అంటే స్లాబ్ పోయడానికి కింద చెక్కలు, పలకలు కొట్టే పని చేయిస్తున్న మేస్త్రి గారు మనతో ఉన్నారు. మేడమ్, లీన్ అంటే మనుషుల్ని తగ్గించడమే కదా?

ఇంజినీర్: అయ్యో, ఆ మాట విని విని విసుగొచ్చేసిందండి. లీన్ అంటే పనిలో వేస్ట్‌ని తగ్గించడం. ఇది జపాన్‌లో టొయోటా కార్ల ఫ్యాక్టరీలో పుట్టింది, అక్కడ టైచి ఓనో అనే ఆయన వేస్ట్‌ని ఏడు రకాలుగా చెప్పాడు, ఊరికే ఎదురుచూడ్డం, అక్కర్లేని మోత, స్టాక్ పేర్చుకోవడం, చేసిందే మళ్ళీ చెయ్యడం, ఇలాంటివి. 1992లో లౌరి కోస్కెలా అనే పరిశోధకుడు స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో ఉన్నప్పుడు కట్టుబడి పనిని కూడా ఇలాగే చూడాలని రిపోర్ట్ రాశాడు. మన సైట్లో చూడండి, ఇసుక లారీ గేటు పక్కనే దించేస్తారు, నాలుగు రోజులకి అక్కడ ర్యాంప్ తవ్వాలని గుర్తొస్తది, మళ్ళీ ఇంకో మూలకి మోయిస్తారు. ఆ కూలి డబ్బులతో బిల్డింగ్ ఒక్క ఇటుక కూడా పైకి లేవలేదు.

బిల్డర్: ప్లాస్టరింగ్ అయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకి గాడి కొట్టడం అయితే ఇంకా దారుణం. స్టీల్ కూడా అంతే, రాడ్డు 12 మీటర్లు వస్తుంది, 7 మీటర్ల ముక్క కోస్తే మిగిలిన 5 మీటర్లు ఎక్కడ వాడాలో ముందే అనుకోవాలి, షెడ్యూల్ పేపర్ ఉంటది కానీ కటింగ్ మిషన్ దగ్గర దాన్ని చూసేవాడుండడు.

యాంకర్: మేస్త్రి గారూ, మీరేమంటారు?

మేస్త్రి: నాకు ఆ జపాన్ పేర్లు తెల్వదు సార్. శుక్రవారం స్లాబ్ అంటరు. మేం రాత్రి దాకా ఉండి సెంట్రింగ్ కొడతం. తీరా చూస్తే రాడ్డు కట్టేటోళ్ళు సగంల ఉంటరు, కరెంటు పైపులేసే పిలగాడు రాడు, చెకింగ్ సారు ఇంకో సైట్ల ఉంటడు. నా పన్నెండు మంది ఖాళీగ కూసుంటరు, వాళ్ళ కూలి ఎవరియ్యాలె? నేనే.

ఇంజినీర్: సరిగ్గా దీనికే గ్లెన్ బాలార్డ్, గ్రెగ్ హోవెల్ కలిసి లాస్ట్ ప్లానర్ అనే పద్ధతి తెచ్చారు. ఆఫీసులో బార్ చార్ట్ గీసేవాడు లాస్ట్ ప్లానర్ కాదు, రేపు పొద్దున ఎవరు ఎక్కడ పని చెయ్యాలో చెప్పేవాడు, అంటే మన మేస్త్రి గారే. ఆరేసి వారాలు ముందుకి చూసి అడ్డంకులు రాసుకుంటారు, డ్రాయింగ్ వచ్చిందా, మెటీరియల్ ఉందా, ముందు పని అయిందా అని. అడ్డం తీరని పనిని ఆ వారం ప్లాన్‌లో పెట్టరు. వారం చివర, పది మాటలిచ్చి ఆరు నిలబెట్టుకుంటే 60 శాతం, దాన్నే పీపీసీ, అంటే పర్సెంట్ ప్లాన్ కంప్లీట్ అంటాం. ముప్పావు వంతు అయిన పనికి మార్కుల్లేవు, అయిందా కాలేదా అంతే.

బిల్డర్: మేమూ పెట్టాం మేడమ్. గోడకి చార్ట్, రంగురంగుల చీటీలు. మూడో వారానికే 95 వచ్చింది!

ఇంజినీర్: అంత తొందరగా 95 అంటే నాకు డౌటండి.

మేస్త్రి: తక్కువొస్తే మీటింగుల తిడుతున్నరని అల్కటి పనులే రాసినం. శుక్రవారం కాదు అని ఎట్ల చెప్తం సార్, చెప్తే ఇంకో మేస్త్రిని పిలుస్తరు.

ఇంజినీర్: చూశారా. ఆయన కాదు అనలేకపోతే అవును అన్నదానికి విలువేముంది? కాలేదంటే ఎవరిది తప్పు అని కాదు, ఎందుకు కాలేదు అని అడగాలి, లేకపోతే ఆ గోడ మీద చీటీలు కూడా వేస్టే.

యాంకర్: మరి వెయిటింగ్ అంతా వేస్ట్ అయితే సెంట్రింగ్ తొందరగా ఊడదీసేయొచ్చుగా?

ఇంజినీర్: బాబోయ్, వద్దండి! కాంక్రీట్ పనికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి 4.5 మీటర్ల వరకు స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం ఉన్న స్లాబ్ కింద ప్రాప్స్, అంటే ఆనించిన పోటీలు 7 రోజులుండాలి, అంతకు మించితే 14 రోజులు. కాంక్రీట్ గట్టిపడే టైమ్ వేస్ట్ కాదు. ఆ టైమ్‌లో గ్యాంగ్‌కి వేరే ఫ్లోర్లో పని రెడీగా లేకపోవడం వేస్ట్.

బిల్డర్: మీరు చెప్పేవి బానే ఉన్నాయి గానీ మా బాధ కూడా వినండి. స్లాబ్ పడితే గానీ బ్యాంకు వాళ్ళు కస్టమర్ లోన్లో ఇన్‌స్టాల్‌మెంట్ రిలీజ్ చెయ్యరు. అందుకే స్లాబ్ మీద స్లాబ్ వేసుకుంటూ పైకి పోతాం, కింద గోడలు, ప్లంబింగ్ తర్వాత చూద్దాంలే అని.

ఇంజినీర్: ఓనో లిస్టులో మొదటిది అదేనండి, అవసరానికి మించి ముందే తయారుచేసి పెట్టుకోవడం. పైన పది స్లాబులుంటాయి, కింద ఒక్క ఫ్లాటూ తాళం ఇచ్చే స్థితిలో ఉండదు, ఆ డబ్బంతా కాంక్రీట్‌లో ఇరుక్కుంటుంది.

మేస్త్రి: నా బిల్లు గూడ ఇరుక్కుంది సార్, నలభై రోజులాయె. నా మనుషులు పండక్కి ఊరెళ్ళి మళ్ళ రాలే. అది గూడ ఒక చీటీ మీద రాసి గోడకు అంటియ్యరాదు?

బిల్డర్: రాద్దాం రాద్దాం. అకౌంట్స్ వాళ్ళని అడిగి చెప్తా.

ఇంజినీర్: అడిగి చెప్తా అంటే ప్లాన్‌లోకి ఎక్కదండి. తారీకు చెప్పాలి.

బిల్డర్: (నవ్వుతూ) సరే మేడమ్, 15.

మేస్త్రి: ఏ నెల సార్?