‘వద్దు’ అంటే ఏం పోతది? షుగర్ డేటింగ్‌ల ఉన్న ఆడోళ్ల ముచ్చట

యాంకర్: నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నం. ఇయ్యాల్టి ముచ్చట షుగర్ డేటింగ్. పెద్ద వయసాయనకు పైసలుంటయి, చిన్న వయసామెకు అవసరముంటది, నెలకింత అని మాట. జనాల మనసుల ఉన్న బొమ్మ ఇదే. ఫ్యామిలీ కోర్టు కేసులు, సైబర్ కేసులు చూసే లాయర్ అక్క మనతోని ఉన్నది. అక్కా, ఆ బొమ్మల నిజమెంత?

లాయర్: కొంత నిజమే చెల్లె. గని ఆ బొమ్మల ఉన్నామెకు ఎప్పుడూ 20 ఏండ్లే, ఎప్పుడూ ఐఫోన్ మీదనే మనసు. బయట చూస్తే హాస్టల్ పిల్ల ఉంటది, మంచి జీతం తీసుకునే ఆమె ఉంటది, ఇడాకులైన తల్లి ఉంటది, ట్రాన్స్ మహిళ ఉంటది. అందరికీ ఒక్కటే సలహా చెప్తే ఒకామెకు పనికొస్తది, మిగిలినోళ్ల కొంప ముంచుతది.

యాంకర్: ఈ పేరు ఏడికెల్లి వచ్చింది?

లాయర్: పైసలిచ్చే మగాయనను ‘షుగర్ డాడీ’ అనుడు అమెరికాల దాదాపు నూరేండ్ల మాట. 2006ల బ్రాండన్ వేడ్ అనేటాయన ‘సీకింగ్ అరేంజ్‌మెంట్’ వెబ్‌సైట్ పెట్టినంక అది పెద్ద వ్యాపారమైంది. అక్కడ మారెన్ స్కల్ అనే సోషియాలజీ ప్రొఫెసరమ్మ 48 మంది ఆడోళ్లతోని మాట్లాడి, 2020ల అచ్చైన పేపర్ల ఈ సంబంధాలను ఏడు రకాలు చేసి చూపించింది.

యాంకర్: ఏడా!

లాయర్: ఏడు. ఒక కొసకు పైసలు, శరీరం, అంతే. ఇంకో కొసకు కలిసి బతుకుదామనే ప్రేమ, కాకపోతే పైసల లెక్క ఇద్దరికీ తెలిసిన ప్రేమ. నడుమ ఎన్నో ఉన్నయి. ఒక పూట పక్కన కూసొని తిన్నందుకు ఇచ్చేది, ప్రయాణాలల్ల తోడుకు ఇచ్చేది, నెలకింత కట్టేది, ఉత్త దోస్తానా ఉండి అవసరానికి బిల్లు కట్టేది. ఆ 48 మందిల దాదాపు 40 శాతం మందికి ఆ మగాయనతోని శరీర సంబంధమే లేదట. అది అమెరికా లెక్క, నల్లగొండకు గుంజి అతికించొద్దు. గని ‘అందరూ గదే’ అనేటోళ్ల నోటికి తాళం వేస్తది.

యాంకర్: మరి మన దగ్గర ఎట్ల?

లాయర్: మన దగ్గర సగం మంది యాప్ మొఖమే చూడరు. ‘షుగర్’ అనే మాటే వాడరు. ‘సార్ చూసుకుంటున్నడు’ అంటరు, లేకుంటే ఊరోళ్లు ‘ఉంచుకున్నడు’ అంటరు. అందుకే పేరు పక్కకు పెట్టి ఒక్క ముచ్చట అడగాలె: ఆమె రేపు పొద్దుగాల ‘వద్దు’ అంటే ఏం పోతది?

యాంకర్: విడమర్చి చెప్పక్కా.

లాయర్: హైటెక్ సిటీల ఉద్యోగం చేసే ఆమెను తీస్కో. కిరాయి ఆమె జీతంల నుంచే పోతది. మంచి హోటళ్లు, ప్రయాణాలు, కెరీర్‌కు నాలుగు పరిచయాలు, ఆమెకు కావాల్సినయి అవి. వద్దనుకుంటే నంబర్ బ్లాక్ చేస్తది, రెండు శనివారాలు ఖాళీగ ఉంటది. ఇగ మిర్యాలగూడ నుంచో అచ్చంపేట నుంచో పోయి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఉండే పిల్లను తీస్కో. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు రాలేదని కాలేజోళ్లు సర్టిఫికెట్లు ఆపిన్రు, హాస్టల్ కిరాయి తలమీద ఉన్నది. ఆమె వద్దంటే నెల తిరిగేసరికి బ్యాగు రోడ్డు మీదుంటది. పైసలు తీసుకునే ఆమెను ‘షుగర్ బేబీ’ అంటరు, ఈ ఇద్దరికీ అదే పేరు.

యాంకర్: టౌన్ల ఒంటరి తల్లుల ముచ్చట?

లాయర్: అన్నిట్లకెల్ల గట్టిగ చిక్కుపడేది ఆ ముడే. ఒకే మగాయన, ఏండ్ల తరబడి. ఇంటి అడ్వాన్స్ ఆయన పేరు మీద, పిల్లగాని స్కూల్ ఫీజు ఆయన ఫోన్‌పే నుంచి, సిలిండర్ బుకింగ్ ఆయన నంబర్ మీద. ఆయన మొఖం తిప్పుకున్ననాడు అన్నీ ఒక్కసారే కూలుతయి. కోర్టుకు పోతే మనోవర్తి వస్తదని అనుకుంటరు. 2010ల వేలుసామి కేసుల సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, మగాయన పైసలిచ్చి, ముఖ్యంగ శరీర అవసరానికో, పనిమనిషి లెక్కనో పెట్టుకుంటే అది గృహహింస చట్టం చెప్పే ‘పెండ్లి లాంటి సంబంధం’ కిందికి రాదు. ఆ తీర్పుల ‘కీప్’ అనే మాటే వాడిన్రు, దాని మీద అప్పట్ల పెద్ద లొల్లి అయింది. 2013ల ఇంద్రా శర్మ కేసుల ఇంకో మెట్టు: ఆయనకు పెండ్లయిందని తెలిసే ఉన్నామెకు ఆ రక్షణ దొరకలే. చట్టం మార్చమని పార్లమెంటుకు చెప్పిందనుకో. అది వేరే ముచ్చట.

యాంకర్: అంటే పదేండ్లు ఉన్నా చేతికి ఏం రాదు?

లాయర్: పిల్లలు ఆయనకే పుట్టిన్రని తేలితే పిల్లల ఖర్చు వస్తది. ఆమెకు మటుకు కష్టం. అందుకే కిరాయి అగ్రిమెంట్ ఆమె పేరు మీద ఉండాలె, అడ్వాన్స్ రసీదు ఆమె దగ్గర ఉండాలె, స్కూల్ రికార్డుల ఫోన్ నంబర్ ఆమెది ఉండాలె. ఆయన నెలనెలా ఇచ్చేదాంట్ల కొంతైనా పోస్టాఫీసు ఆర్‌డీల ఆమె పేరున పడాలె. మూడు నెలల కిరాయి చేతుల ఉన్నామె మాట్లాడే తీరే వేరే ఉంటది.

యాంకర్: జోగిని ఆచారాన్ని కూడ దీంతోని పోలుస్తరు గదా, పాలమూరు దిక్కు.

లాయర్: పోలుస్తరు, నాకు కోపమొస్తది. జోగినిల పిల్ల పుట్టిన కులమే తీర్పు. ఎక్కువ దళిత ఇండ్ల ఆడపిల్లలను దేవత పేరు చెప్పి ముడిపెట్టిన్రు. 1988ల చట్టం చేసి నిషేధించిన్రు. అక్కడ ‘వద్దు’ అనే మాటకు జాగనే లేదు, దాన్ని డేటింగ్ పక్కన కూసోబెట్టుడేంది? కాకపోతే కులం ఇక్కడ కూడ పనిచేస్తది. ఎవలిని హోటల్‌కు తోలుకపోతరు, ఎవలిని చీకట్ల రమ్మంటరు అన్నకాడ చూడు. నలుపు తెలుపు చూసుడు కూడ అక్కడనే.

యాంకర్: ట్రాన్స్ మహిళలు?

లాయర్: దాచిపెట్టుడు డబుల్ ఉంటది. దౌర్జన్యం జరిగితే, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంల శిక్ష ఆరు నెలల నుంచి రెండేండ్లే. భారతీయ న్యాయ సంహితల రేప్‌కు కనీసం పదేండ్లు. ఆ తేడా మగాయనకు తెలుసు, ఆమెకూ తెలుసు.

యాంకర్: చట్టం దృష్టిల షుగర్ డేటింగే నేరమా?

లాయర్: 18 దాటిన ఇద్దరు ఇష్టపడి కలుసుడు నేరం గాదు, బహుమతి ఇచ్చుడు నేరం గాదు. 18 నిండకుంటే మాత్రం ఇష్టం అనే మాటే లేదు, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో, పడ్తది. అనైతిక వ్యాపార నిరోధక చట్టం 1956ది. అది ముఖ్యంగ పట్టుకునేది నడుమనున్నోళ్లను: కమీషన్ తినేటోడు, రూమ్ నడిపేటోడు, పిల్లలను కుదిర్చేటోడు. గుడి, బడి, హాస్టల్, దవాఖానకు 200 మీటర్ల లోపల జరిగితే ఆమె మీద కూడ కేసు పడొచ్చు. అందుకే ‘నేను మంచి సార్‌ను చూపిస్తా’ అనే ఏజెంట్ వస్తే దూరం జరగాలె, కేసు గుంజుకొచ్చేది వాడే. ఇంకొకటి: ఉద్యోగం ఇప్పిస్తా, ప్రమోషన్ ఇప్పిస్తా అని అబద్ధం చెప్పి శరీర సంబంధం పెట్టుకుంటే సంహిత 69వ సెక్షన్, పదేండ్ల దాక జైలు.

యాంకర్: పైసల కాడ మోసాలు ఎట్ల జరుగుతయి?

లాయర్: మొదటిది ‘వెరిఫికేషన్’. వారానికి 25 వేలు ఇస్తనంటడు, ముందు 500 కట్టుమంటడు. లేకుంటే క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టు, పైసలొస్తయంటడు. పిన్ కొడితే పోవుడే గని వచ్చుడు ఉండది. రెండోది ఇంకా చెడ్డది. నిజంగనే 40 వేలు పడ్తయి. ‘దాంట్లకెల్లి 35 మా డ్రైవర్‌కు పంపు’ అంటడు. ఆ 40 ఇంకెవలినో ముంచి తెచ్చినయి. ఆ మునిగినాయన సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేస్తడు, ఈమె ఖాతా ఆగిపోతది, స్కాలర్‌షిప్ కూడ అండ్లనే ఇరుక్కుంటది. ఎవల పైసలో తెల్వకుండ ముందుకు పంపొద్దు.

యాంకర్: మగపిల్లలకు కూడ ‘పెద్దింటి ఆంటీలు పైసలిస్తరు’ అని మెసేజ్‌లొస్తయి.

లాయర్: రిజిస్ట్రేషన్ ఫీజు గుంజే దందా. ఆ ఆంటీ మొఖం ఎవలూ చూడలే. పెద్ద వయసు ఆడోళ్లు పైసలిచ్చే సంబంధాలు లేవని గాదు, గట్ల టెలిగ్రామ్‌ల టోకెన్ కట్టించుకోరు.

యాంకర్: పేరు, ఊరు బయటపడకుండ ఏం చూసుకోవాలె?

లాయర్: ఎక్కువ మంది పట్టుబడేది యూపీఐ తోని. పైసలు పంపేటప్పుడు బ్యాంకుల ఉన్న పూర్తి పేరు ఎదుటోని స్క్రీన్ మీద పడ్తది. ఫోన్ నంబరే ఐడీ అయితే నంబర్ కూడ పోయినట్టే, దాని వెనుక వాట్సాప్ డీపీ, ట్రూకాలర్. నంబర్ లేని ఐడీ పెట్టుకున్నా పేరు దాగది, అందుకే మనిషి మీద నమ్మకం కుదిరే దాక యూపీఐ ముట్టొద్దు. ఫోటో ఇన్‌స్టాల ఉన్నదే పెడితే పది నిమిషాలల్ల ఊరు దొరుకుతది. వెనుక క్లాక్ టవర్ కనబడితే ఇగ చెప్పేదేముంది. వాట్సాప్‌ల ఫోటోను డాక్యుమెంట్ లెక్క పంపితే తీసిన జాగ వివరం అండ్లనే ఉండిపోవచ్చు. హోటల్ల ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యాలె.

యాంకర్: మొదటిసారి కలిసేటప్పుడు?

లాయర్: పగటిపూట, జనమున్న కాడ, గంట సేపు. ఒక దోస్తుకు లైవ్ లొకేషన్ 8 గంటలకు పెట్టాలె. తిరుగు దారి తనదే అయ్యుండాలె. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు టికెట్ లేదు గని, రాత్రి అయినంక హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి మన దిక్కు వంద కిలోమీటర్లకు బస్సు దొరకకుంటే ‘నేను దింపుతా’ అన్నోని కారే దిక్కయితది. మాట మొత్తం అక్కడనే తిరగబడ్తది.

యాంకర్: పన్ను కూడ ఉంటదా?

లాయర్: చుట్టం కానోళ్ల నుంచి ఏడాదికి 50 వేలు దాటి వస్తే మొత్తం ఆదాయం లెక్కనే. పెద్దగ ఎవలూ పట్టించుకోరు, నోటీసొచ్చినంక ఏడుస్తరు.

యాంకర్: ఫోటోలు బయటపెడ్తనని బెదిరిస్తే?

లాయర్: ఒక్క రూపాయి ఇయ్యొద్దు. ఇస్తే మల్లడుగుతడు. చాట్ డిలీట్ చేయొద్దు. నంబర్, తేదీ, లింకు కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి, అటెనుక బ్లాక్ చేయాలె. ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే సైట్ ఉన్నది, 18 దాటినోళ్లకు. ఫోటో ఫోన్లనే ఉంటది, దాని గుర్తు ఒకటి తయారై దాంట్ల కలిసిన కంపెనీలకు పోతది, వాళ్లు ఆ ఫోటోను ఆపుతరు. 2021 ఐటీ నిబంధనలల్ల, ఇసొంటి ఫోటో మీద ఫిర్యాదొస్తే 24 గంటలల్ల తీసెయ్యాలని ఉండె, 2026ల దాన్ని రెండు గంటలకు తగ్గించిన్రు. ‘నువ్వే పంపినవ్ గదా’ అని వాడంటే భయపడొద్దు. తీసుకునుడుకు ఒప్పుకున్నా, పంచుడుకు ఒప్పుకోలేదంటే సంహిత 77వ సెక్షన్ల నేరమే.

యాంకర్: పోలీస్ స్టేషన్ల మన ఊరాయన ఎవలన్న కనబడితే? చాన మంది అక్కడనే ఆగిపోతరు.

లాయర్: మన ఊరి స్టేషన్లనే ఇయ్యాలని లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్ల అయినా రాయాలె, హైదరాబాద్‌ల ఇచ్చినా ఇక్కడికి బదిలీ అయితది. 77వ సెక్షన్ కేసుల ఆమె చెప్పేది ఆడ ఆఫీసరే రాసుకోవాలె, పోలీసులు కేసు ఎట్ల నడపాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ల ఉన్నది. అడగంది వాళ్లంతట వాళ్లు పిలువకపోవచ్చు, అడగాలె. ఒక్కతే పోవుడు భయమైతే ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, ఆడోళ్లకు సాయం చేసే సఖి సెంటర్‌కు కలుపుతరు. అక్కడ ‘ఎందుకు పోయినవ్ ఆయన దగ్గరికి’ అని ఎవలన్న అడిగితే, కేసుకు ఆ ప్రశ్నతోని పనిలేదని చెప్పి కూసోవాలె.